బాపట్ల యంత్రం రేపల్లెలో ఎందుకు మేలుకోలేదు?

ముందుగా ఒక సంగతి ఊహించుకుందాం.

మీ ఇల్లు రేపల్లెలో ఉందనుకోండి. మీ బడిలో మూడేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో నోటు పుస్తకంలో రాస్తున్నారు. సముద్రానికి దగ్గరి ఊరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మీ తాతగారు చెప్పగా వినే ఉంటారు. అలాంటి చోట వాన లెక్క అంటే ఆట కాదు.

మీ పెదనాన్నగారి అబ్బాయి బాపట్లలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆ లెక్కలన్నీ అతను కంప్యూటరుకి ఎక్కించి, ఏ నెలలో ఎంత వాన పడిందో పటాలు గీసి చూపే ప్రోగ్రాం రాశాడు. తరవాత ఓ రాత్రి కురిసిన వానకు బడి కప్పు కారి నోటు పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఇప్పుడు మూడేళ్ల శ్రమా మిగిలింది అన్నయ్య కంప్యూటరులో ఒక్కచోటే. వచ్చే శనివారం తెనాలిలో సైన్సు ప్రదర్శన.

ఆదివారం అన్నయ్య పెన్‌డ్రైవు జేబులో వేసుకుని బాపట్లలో రైలెక్కాడు. తెనాలిలో దిగి బండి మారి రేపల్లె వచ్చాడు. మీ కంప్యూటరుకి పెన్‌డ్రైవు తగిలించి మీట నొక్కాడు. నల్లటి తెర. దానిమీద ఒకే వాక్యం: ప్రారంభించడానికి తగిన డిస్కు కనబడలేదు!

బాపట్లలో నిన్నటిదాకా చక్కగా పనిచేసింది రేపల్లెలో ఎందుకు మొండికేసింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

యంత్రంలో యంత్రం

అన్నయ్య తెచ్చింది మామూలు ప్రోగ్రాం కాదు. ఒక పూర్తి కంప్యూటరునే ఫైలుగా చేసి తెచ్చాడు! దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మనం కల్పిత యంత్రం అందాం.

తెనాలి నాటకాలకు పేరుపడ్డ ఊరు కదా, నాటకంతోనే చెప్పుకుందాం. రంగస్థలం వెనక తెర మీద రాజప్రాసాదం గీసి ఉంటుంది. రాజు వేషగాడు దాన్ని నిజమైన కోటగానే భావించి నటిస్తాడు. కల్పిత యంత్రంలోనూ అంతే. హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాం ఒక రంగస్థలాన్ని కడుతుంది. ఇదిగో నీ డిస్కు, ఇదిగో నీ నెట్‌వర్క్ కార్డు అని చూపిస్తుంది. లోపల నడిచే లినక్స్ గానీ విండోస్ గానీ వాటిని నిజమైన పరికరాలే అనుకుంటుంది. లోపలిదాన్ని అతిథి అనీ, బయటి అసలు కంప్యూటరుని ఆతిథేయి అనీ పిలుస్తారు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో ఐబీఎం సంస్థ శాస్త్రజ్ఞులు 1967 నాటికే ఒక పెద్ద కంప్యూటరును అనేక కల్పిత యంత్రాలుగా పంచి వాడారు. ఇంటి కంప్యూటర్ల మీద ఈ విద్యను 1999లో వీఎంవేర్ సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. 2003లో ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు క్యూఎమూను విడుదల చేశాడు. 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చింది. అదే ఏడాది కేవీఎం అనే సదుపాయం లినక్స్‌లో చేరింది.

మన కథలో బాపట్లలో ఉన్నది వీఎంవేర్. రేపల్లెలో మీ ఇంట్లో వర్చువల్‌బాక్స్. తెనాలి ప్రదర్శనశాలలో క్యూఎమూ, కేవీఎంల జోడీ. మూడు ఊళ్లు, మూడు రంగస్థలాలు, ఒకే నాటకం!

భట్టిప్రోలు నేర్పే పాఠం

తెనాలి నుంచి రేపల్లెకు వచ్చే దారిలో భట్టిప్రోలు స్టేషను తగులుతుంది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే అనే పురాతత్త్వవేత్త రాతి ధాతు కరండాలను బయటికి తీశాడు. వాటిమీది ప్రాకృత శాసనాలను జార్జ్ బ్యూలర్ అనే పండితుడు చదివి ప్రకటించాడు.

ఆ శాసనాల లిపిలో ఒక వింత ఉంది. అశోకుని బ్రాహ్మీలిపిలో ఏ గుర్తూ లేని హల్లును అకారంతో కలిపి చదవాలి. ‘క’ గుర్తు ఒంటరిగా ఉంటే ‘క’. పక్కన చిన్న అడ్డగీత చేరిస్తే ‘కా’. భట్టిప్రోలు కరండాల మీద పద్ధతి వేరు. అక్కడ ఒంటరి గుర్తు ఉత్త ‘క్’. అడ్డగీత చేరిస్తే ‘క’. ‘కా’ రాయాలంటే మరో రకం గుర్తు కావాలి. అంటే భట్టిప్రోలు రాతను అశోకుని పద్ధతిలో చదివితే ‘క’ ఉన్న చోటల్లా ‘కా’ అని తప్పు చదువుతాం. భాష మారలేదు. రాసే ఒప్పందం మారింది.

కల్పిత డిస్కుల కథ సరిగ్గా ఇదే. అన్నయ్య యంత్రంలో కల్పిత డిస్కు 40 గిగాబైట్లది. కానీ ఫైలు 9 గిగాబైట్లే. ఎలా? డిస్కులో రాసిన భాగాలను మాత్రమే ఫైలులో దాచి, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే విషయసూచికను తోడుగా పెడతారు. ఈ సూచిక రాసే పద్ధతి ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో తీరు. వీఎంవేర్‌ది వీఎండీకే పద్ధతి, వర్చువల్‌బాక్స్‌ది వీడీఐ, క్యూఎమూది క్యూకౌ2, మైక్రోసాఫ్ట్ హైపర్‌-వీది వీహెచ్‌డీఎక్స్. ముక్కల సైజు కూడా వేరే. క్యూకౌ2 సాధారణంగా 64 కిలోబైట్ల ముక్కలు చేస్తుంది. వీడీఐ 1 మెగాబైటు ముక్కలు చేస్తుంది. లెక్క కట్టి చూడండి: 40 గిగాబైట్ల డిస్కుకు మొదటి పద్ధతిలో 6,55,360 ముక్కలు, రెండో పద్ధతిలో 40,960 ముక్కలు వస్తాయి.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు మార్చేస్తే పద్ధతి కూడా మారిపోతుందనుకుంటారు. సీసా మీద చీటీ మారిస్తే ఆముదం నెయ్యి అవుతుందా? ఫైలు మొదట్లోనే దాని పద్ధతిని తెలిపే ముద్ర ఉంటుంది. క్యూకౌ2 ఫైలు క్యూ, ఎఫ్, ఐ అనే అక్షరాలతో మొదలవుతుంది. పేరు మార్చినంత మాత్రాన ఆ ముద్ర మారదు. అలా మార్చాలంటే సూచికను చదివి, కొత్త పద్ధతిలో తిరగరాయాలి. ఆ పని చేసే పరికరం క్యూఎమూతో పాటే వస్తుంది. అన్నట్టు, వర్చువల్‌బాక్స్ వీఎండీకేని నేరుగానే చదవగలదు. కాబట్టి రేపల్లెలో వచ్చిన చిక్కు లిపిది కాదు. మరి దేనిది?

ఏ స్టేషనులో ఆగింది?

రేపల్లె బండి ఇంకా రాలేదనుకోండి. మీరేం చేస్తారు? తెనాలిలో బయలుదేరిందా, వేమూరు దాటిందా, భట్టిప్రోలు చేరిందా అని విచారిస్తారు. వేమూరు దాటి భట్టిప్రోలు చేరలేదంటే చిక్కు ఆ రెండు ఊళ్ల మధ్యే ఉంది. తెనాలి ప్లాట్‌ఫారం మీద వెతికి ప్రయోజనం లేదు.

కల్పిత యంత్రం మేలుకోవడం కూడా ఒక ప్రయాణమే. దానికీ స్టేషన్లున్నాయి. మొదటిది, ఫైలు చెడకుండా చేరిందా? రెండోది, హైపర్‌వైజర్ దాని లిపి చదవగలిగిందా? మూడోది, ఫర్మ్‌వేర్ అనే తొలి ప్రోగ్రాముకు డిస్కులో ప్రారంభ భాగం దొరికిందా? నాలుగోది, లోపలి వ్యవస్థ తన డిస్కును గుర్తుపట్టిందా? అయిదోది, నెట్‌వర్క్ వగైరాలు పనిచేస్తున్నాయా? తెర మీద కనిపించే వాక్యాన్ని శ్రద్ధగా చదివితే బండి ఏ స్టేషను దాటిందో తెలుస్తుంది. ఆ వాక్యాన్ని చూడగానే మూసేయకండి. దాన్ని కాగితం మీద రాసుకోండి.

మొదటి స్టేషనులో అన్నయ్య బాపట్లలోనే ఒక దెబ్బ తిన్నాడు. 9 గిగాబైట్ల ఫైలును పెన్‌డ్రైవులోకి పంపితే, 16 గిగాబైట్ల చోటు ఖాళీగా ఉన్నా సరే, ‘ఫైలు చాలా పెద్దది’ అని మొరాయించింది. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 అమరికలో ఉంది. ఆ అమరికలో ఫైలు సైజును 32 బిట్లలో రాస్తారు. కాబట్టి ఒక్కో ఫైలు 4,29,49,67,295 బైట్లకు, అంటే సుమారు 4 గిగాబైట్లకు మించరాదు. అందులో ఉన్నవన్నీ వేరేచోట దాచి, పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ అమరికలోకి మార్చాక పని జరిగింది.

ఫైలు చెడకుండా చేరిందో లేదో తెలుసుకునేందుకు ఒక ఉపాయం ఉంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితవిధానం ఎంత పెద్ద ఫైలునైనా నమిలి 64 గుర్తుల సంఖ్యగా మారుస్తుంది. ఫైలులో ఒక్క బిట్ తేడా వచ్చినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. బాపట్లలో వచ్చిన సంఖ్య, రేపల్లెలో వచ్చిన సంఖ్య ఒకటే అయ్యాయి. మొదటి స్టేషను దాటాం. వర్చువల్‌బాక్స్ డిస్కు సైజు 40 గిగాబైట్లని సరిగ్గానే చూపించింది. రెండోదీ దాటాం. బండి మూడో స్టేషనులో ఆగిందన్నమాట!

తలుపు ఎటు పక్క?

కంప్యూటరు మేలుకునే పద్ధతులు రెండున్నాయి. పాతది బయాస్, కొత్తది యూఈఎఫ్‌ఐ. బయాస్ డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లలో ప్రారంభ ప్రోగ్రాము కోసం చూస్తుంది. యూఈఎఫ్‌ఐ అలా చూడదు. డిస్కులో ప్రత్యేకంగా కేటాయించిన భాగంలోకి వెళ్లి అక్కడున్న ఫైలును తెరుస్తుంది. బాపట్లలో అన్నయ్య లినక్స్‌ను యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నెలకొల్పాడు. రేపల్లెలో కొత్త యంత్రం సృష్టించేటప్పుడు ఆ సంగతి మరిచాడు. వర్చువల్‌బాక్స్ పాత పద్ధతిలో వెతికి, ఏమీ దొరకక చేతులెత్తేసింది. నాటకం సిద్ధంగానే ఉంది, వేషగాళ్లూ ఉన్నారు. కానీ తలుపు ఎడమ పక్కనుంటే కుడి పక్క తట్టారు! అమరికల్లో ఈఎఫ్‌ఐ అన్న గడిలో టిక్కు పెట్టగానే లినక్స్ మేలుకుంది.

తరవాత చిక్కు నెట్‌వర్క్‌లో వచ్చింది. పటాలు పక్క కంప్యూటర్లలో కనిపించాలంటే నెట్‌వర్క్ కావాలి. లినక్స్ తన నెట్‌వర్క్ కార్డుకు, అది బిగించి ఉన్న చోటును బట్టి పేరు పెడుతుంది. వీఎంవేర్‌లో ఆ పేరు సాధారణంగా ఈఎన్‌ఎస్33. వర్చువల్‌బాక్స్‌లో ఈఎన్‌పీ0ఎస్3. అన్నయ్య రాసిన అమరికలో పాత పేరే ఉంది. పాత పేరు పెట్టి పిలిస్తే పలికేవారెవరు? ‘ఈఎన్’తో మొదలయ్యే ఏ కార్డుకైనా ఈ అమరిక వర్తించును అని మార్చాక నెట్‌వర్క్ పలికింది.

అసలు ప్రమాదం

హమ్మయ్య అనుకునేలోగా అన్నయ్య ముఖం పాలిపోయింది. వాన లెక్కలు జూన్ 30తో ఆగిపోయాయి! ఆ తరవాతి లెక్కలు ఒక్కటీ లేవు.

కంగారు పడకండి. జూలై మొదట్లో అన్నయ్య తన యంత్రానికి స్నాప్‌షాట్ తీసుకున్నాడు. స్నాప్‌షాట్ అంటే నకలు కాదు. అది తీసిన క్షణం నుంచి హైపర్‌వైజర్ పాత డిస్కు ఫైలును ముట్టుకోకుండా వదిలేసి, కొత్త మార్పులన్నీ పక్కన వేరే ఫైలులో రాస్తుంది. పాఠ్యపుస్తకం మీద గీతలు పెట్టకుండా పలచటి కాగితం పరిచి, దానిమీద దిద్దినట్టన్నమాట. అన్నయ్య అన్నిటికన్నా పెద్దగా ఉన్న ఫైలును చూసి అదొక్కటే తెచ్చాడు. పుస్తకం రేపల్లె చేరింది, పలచటి కాగితం బాపట్లలో ఉండిపోయింది!

ఇక్కడే ఒక తప్పుదారి ఊరిస్తుంది. ‘ఇక్కడ బాగుచేసిన ఈ ఫైలును బాపట్ల తీసుకెళ్లి పాత ఫైలు స్థానంలో పెడదాం. పక్కనున్న మార్పుల ఫైలు దానికి అతుక్కుంటుంది’ అనిపిస్తుంది. అలా చేస్తే కొంప మునుగుతుంది. మార్పుల ఫైలులో ఉన్నది ‘ఫలానా ముక్క స్థానంలో ఇది చదువు’ అనే సమాచారమే. అడుగున ఉన్న పుస్తకంలో ఒక్క పేజీ అటూ ఇటూ అయినా, పైకాగితం మీది దిద్దుబాటు తప్పు వాక్యం మీద పడుతుంది. రేపల్లెలో లినక్స్ ఒక్కసారి మేలుకున్నా చాలు, డిస్కు మీద వందలాది చిన్న మార్పులు చేస్తుంది. రెండూ కలిపితే లెక్కలు పోవడమే కాదు, మొత్తం డిస్కే గందరగోళమవుతుంది.

అదృష్టవశాత్తూ రేపల్లెలో ముట్టుకున్నది నకలు. అసలు బాపట్లలో భద్రంగా ఉంది. అన్నయ్య హాస్టలు మిత్రుడికి ఫోను చేశాడు. ఆ మిత్రుడు యంత్రాన్ని పూర్తిగా ఆపి, పుస్తకాన్నీ పైకాగితాన్నీ కలిపి ఒకే డిస్కుగా కొత్త నకలు తీసి, రాత్రికి రాత్రి నెట్ ద్వారా పంపాడు. 64 గుర్తుల సంఖ్యను ఫోనులో చదివి వినిపించాడు. సరిపోయింది. ముందు చేసిన నెట్‌వర్క్ మార్పు కొత్త నకలులో మళ్లీ చేయాలి. చేసిన ప్రతి పనీ కాగితం మీద రాసి ఉంచారు కనుక అది అయిదు నిమిషాల పని అయింది.

యంత్రాన్ని పూర్తిగా ఆపి, అన్నాం. ఎందుకంటారా? సగంలో నిద్రపుచ్చిన యంత్రంలో దాని జ్ఞాపకశక్తిని కూడా, ఆ ప్రోగ్రాముకు మాత్రమే అర్థమయ్యే తీరులో దాస్తారు. ఆ నిద్రను మరో హైపర్‌వైజర్ లేపలేదు. నాటకం రెండో అంకం మధ్యలో తెర దించి వేరే ఊళ్లో అక్కణ్ణించే అందుకోమంటే కుదురుతుందా?

తెనాలిలో తొంభై సెకండ్లు

శుక్రవారం తెనాలి. వీఎండీకేని క్యూకౌ2లోకి మార్చారు. ఈసారి యూఈఎఫ్‌ఐ మరవలేదు. లినక్స్ మేలుకోసాగింది. కానీ ఒకచోట ఆగి 1 నిమిషం 30 సెకండ్లు ఎదురుచూసి, అత్యవసర స్థితిలోకి వెళ్లిపోయింది.

ఇది నాలుగో స్టేషను. డిస్కును ఏ రకం కంట్రోలరుకు తగిలిస్తే దానికి తగ్గ పేరు వస్తుంది. బాపట్లలో స్కజీ, రేపల్లెలో సాటా. రెండింటిలోనూ లినక్స్ డిస్కుకు పెట్టే పేరు ఎస్‌డీఏ. అందుకే రేపల్లెలో ఈ చిక్కు రాలేదు. తెనాలిలో వాడింది వర్టియో. అది కల్పిత యంత్రాల కోసమే పుట్టిన వేగవంతమైన పద్ధతి. అందులో డిస్కు పేరు వీడీఏ. వాన లెక్కలున్న భాగాన్ని అన్నయ్య ‘ఎస్‌డీఏ3’ అని చేత్తో రాసిపెట్టాడు. లేని డిస్కు కోసం లినక్స్ తొంభై సెకండ్లు కాచుకుని నిరాశపడింది.

దీనికి మందు ఏమిటి? వీధిలో ‘కుడివైపు మూడో ఇల్లు’ అని చెబితే, మరో వీధి నుంచి వచ్చినవారికి దారి తప్పుతుంది. ఇంటి పేరు చెబితే తప్పదు. డిస్కులోని ప్రతి భాగానికీ పుట్టినప్పుడే 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి ఇస్తారు. దాన్ని యూయూఐడీ అంటారు. ఎస్‌డీఏ3 బదులు ఆ సంఖ్యను రాస్తే డిస్కును ఎక్కడ తగిలించినా దొరుకుతుంది. అలా మార్చి మళ్లీ మీట నొక్కారు. పటాలు తెరమీద విచ్చుకున్నాయి, మూడేళ్ల వానతో సహా!

లోపలున్నది విండోస్ అయితే ఇదే స్టేషనులో నీలి తెర, దానిమీద 7బి అనే సంఖ్యతో ముగిసే సంకేతం కనిపించవచ్చు. ‘ప్రారంభ డిస్కును చేరలేకపోయాను’ అని దానర్థం. విండోస్ వర్టియో డ్రైవరును వెంట తెచ్చుకోదు. అప్పుడు డిస్కును మొదట ఏ రకం కంట్రోలరుకు ఉండేదో దానికే తగిలించి, మేలుకున్నాక కొత్త డ్రైవరు వేసి, ఆ తరవాతే మార్చాలి.

ఒక ఒప్పందం, ఒక హద్దు

ప్రతిసారీ ఇంత తంటా ఎందుకని నిపుణులూ ఆలోచించారు. డిస్కుతో పాటు యంత్రం వర్ణన కూడా, అంటే మెమరీ ఎంత, కంట్రోలరు ఏది, కార్డులెన్ని అన్నది, అందరికీ తెలిసిన ఒకే తీరులో రాసి మూట కట్టే ఓవీఎఫ్ అనే ప్రమాణాన్ని 2009లో ప్రకటించారు. ఎగుమతి చేసేటప్పుడు దాన్ని ఎంచుకుంటే చాలా చిక్కులు తప్పుతాయి. అన్నీ మాత్రం తప్పవు. లోపలి వ్యవస్థ తన గుర్తులో పెట్టుకున్న పాత పేర్లను ఏ మూటా మార్చలేదు.

ఒక హద్దు కూడా ఉంది. ఇంటెల్ తరహా ప్రాసెసరుకు తయారైన యంత్రాన్ని ఆర్మ్ తరహా ప్రాసెసరు మీద పెడితే ఇలా నేరుగా నడవదు. ప్రతి ఆదేశాన్నీ అనువదిస్తూ పోవాలి. క్యూఎమూ ఆ పని చేయగలదు గానీ చాలా నెమ్మదిస్తుంది.

ఇక మీ వంతు. మీ బడి కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ ఉంటే మీ మాస్టారి అనుమతితో ఒక చిన్న లినక్స్ యంత్రం తయారు చేయండి. దానికి నకలు తీసి, నకలుకు మాత్రమే డిస్కు కంట్రోలరు మార్చి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ప్రతి మార్పుకూ ముందు ఏమవుతుందో ఊహించి రాయండి. తరవాత ఏమైందో దాని పక్కనే రాయండి. మీ ఊహ తప్పిన చోట ఆగి, ఎందుకని అడగండి. మీరు కొత్తగా నేర్చుకునేది అక్కడే ఉంటుంది.

మరొక్క మాట. వాన లెక్కలైనా, అమ్మమ్మ పాడిన పాటల రికార్డులైనా ఒక్కచోటే ఉన్నాయంటే అవి ఇంకా భద్రంగా లేనట్టే. ఈ పూటే రెండో నకలు తీయండి. ఆ నకలు తెరుచుకుంటుందో లేదో కూడా ఈ పూటే చూడండి.